మార్కు వేయడానికి భయపడ్డ మేష్టారు

మా తెలుగు మేష్టారు పోయారని అనకాపల్లి బస్సులో తెలిసింది. చెప్పినాయన నా వెనక సీట్లో కూర్చున్నాడు. చోడవరం హైస్కూల్లో నాకంటే రెండేళ్ళు కింద చదివినవాడట, నన్ను గుర్తుపట్టి ముందుకి వంగి చెప్పాడు. పదిరోజులైందట. అయ్యో అనాలి గదా, అన్నాను. కాని నిజం చెప్పాలంటే ముందు నాకు కలిగింది దుఃఖం కాదు. ఒక్కసారిగా బెదురు పుట్టింది. పేపర్లిచ్చే రోజున ఆయన క్లాసు గుమ్మంలో కనపడగానే పుట్టే బెదురది. యాభై దాటినదాన్ని, ముప్ఫయ్యేళ్ళుగా నేనే పిల్లల పేపర్లు దిద్దుతున్నదాన్ని, దిగాల్సిన స్టాపు వచ్చేదాకా చీర కొంగు వేలికి చుట్టుకుని కూర్చున్నాను.

అలాగని ఆయన కొట్టే మనిషి కాదు. గట్టిగా మాట్లాడ్డం కూడా ఎవరూ వినలేదు. అసలు భయమంతా ఆయనదే. అదే మాకు అంటుకునేది.

పొట్టి మనిషి. ముతక పంచె, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, ఎండాకాలంలో కూడా. దిద్దిన పేపర్లని పాత తువ్వాలులో మూటగట్టి, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని తెచ్చేవారు. బల్లమీద పెట్టాక ముడి వెంటనే విప్పేవారు కాదు. మొహం తుడుచుకునేవారు. కిటికీలోంచి బయటికి చూసేవారు. “దిద్దేను. సరిగ్గా దిద్దేనో లేదో తెలీదు. ఎవరికైనా అన్యాయం జరిగితే చెప్పండి,” అనేవారు. చెప్తే ఒకటో రెండో పెరుగుతాయని మగపిల్లలు మొదట్లో ఆశపడ్డారు. ఒకడు లేచి అడిగాడు కూడా. ఆయన ఆ మూట మళ్ళీ కట్టేసి ఇంటికి పట్టుకుపోయి, నలభై పేపర్లూ మొదటినుంచీ దిద్దుకొచ్చారు. అడిగినవాడికి ఒకటి తగ్గింది, అడగనివాళ్ళలో ఇద్దరికి పెరిగింది. ఆ తర్వాత అడిగినవాడు లేడు.

ఒక్కో కట్టా రెండుసార్లు దిద్దేవారు. మొదటిసారి పైనుంచి కిందకి, రెండోసారి కిందనుంచి పైకి. మొదట్లో వచ్చే పేపర్ల మీద ఆశ ఎక్కువుంటుందనీ, చివరికొచ్చేసరికి విసుగు పుడుతుందనీ, ఆ విసుగు పిల్లలెందుకు భరించాలనీ ఆయన బాధ. అన్నీ పెన్సిలుతోనే. సిరా పెట్టేది ఆఖరి రోజునే. అప్పటికీ మనసు ఊరుకోకపోతే బజార్లో ఎదురైన తల్లిని ఆపేసేవారు. ఒకసారి చెరకు బండికి దారిస్తూ గోడకి అంటుకుని నిలబడి, పక్కనే నిలబడ్డ ఒకావిడతో, “మీ వాడికి పదకొండు వేసేనమ్మా, పన్నెండు వెయ్యవలసింది, రేపు మార్చేస్తాను,” అని చెప్పారు. ఆవిడకి అదేమిటో అర్థం కాక, కొడుకు ఏం వెధవ పని చేశాడోనని ఇంటికెళ్ళి వాణ్ణి నిలదీసింది.

ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇది కళ్ళతో చూసి రాసేవా, విని రాసేవా?” మా అందరి దగ్గరా ఒక గైడు పుస్తకం ఉండేది. సంత గురించి రాయమంటే దాంట్లోంచి సంత, వర్షాకాలం అంటే దాంట్లోంచి వర్షాకాలం. వడ్డాది సంత గురించి రాయమంటే ఒకడు ఒంటెల మీద సరుకొచ్చిందని రాశాడు. మేష్టారు వాణ్ణి వెక్కిరించలేదు. నిజంగానే కంగారుపడ్డారు. తను ప్రతి వారం ఆ సంతకి వెళ్తున్నాననీ, ఒంటెలు ఏ వారం వచ్చాయో చెప్పమనీ అడిగారు. వాడికి ఏడుపొక్కటే తక్కువ. విని రాసిన వాక్యం పక్కన చిన్న సున్నా చుట్టి ఒక మార్కు తీసేసేవారు. అదే సంత గురించి ఇంకొకడు, తను సంతకెళ్ళి బండి కింద నిద్రపోయాననీ, లేచేసరికి సంత ఎత్తేశారనీ నాలుగు వంకర వాక్యాల్లో రాస్తే ఇరవైకి పదిహేను వేశారు. ఆ పదిహేను మాకెవరికీ మింగుడుపడలేదు.

ఇంకో భయం కూడా ఉండేది ఆయనకి. రెండో ఫారం నుంచీ మాకు చెప్తున్నారు కాబట్టి ఎవరి దస్తూరీ ఏదో ఆయనకి బాగా తెలుసు. పేరున్న మూల మడిచినా లాభం లేదు. దస్తూరీ చూస్తే మనిషి గుర్తొస్తాడు, మనిషి గుర్తొస్తే చెయ్యి అటో ఇటో పోతుంది. అంచేత పేపర్లు భార్య చేత చదివించుకుని వినేవారు. ఆమెది కె.కోటపాడు, ఐదో తరగతి దాకా చదువుకుంది. మేం అమ్మగారనేవాళ్ళం. వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతల. ఒక ఆదివారం మధ్యాహ్నం మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. ఆయన గోడవైపు తిరిగి పీట మీద కూర్చున్నారు. వెనకాల ఆమె చాప మీద కాళ్ళు జాపుకుని, బియ్యం చేట పక్కకి జరిపి, ఒక్కో పేపరూ చదువుతోంది. మధ్యలో ఆయన చెయ్యెత్తారు.

“గొంతు పెంచకు. నీకు బావుందని నాకు తెలిసిపోతంది.”

“బావుంటే బావుందనుకోనా ఏటి,” అని ఆమె గొంతు దించి మళ్ళీ చదివింది. అందులో నా పేపరుందేమోనని భయమేసి మజ్జిగ చెంబు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను.

అప్పట్లో హైస్కూలు ఆఖరి క్లాసు, ఆరో ఫారంలో సెలక్షన్ పరీక్ష అని ఉండేది. అది తప్పితే పబ్లిక్ పరీక్షకి పంపరు, మరో ఏడాది అదే క్లాసులో కూర్చోవాలి. మా క్లాసులో ఆడపిల్లలం ముగ్గురం. నన్ను అందాకా చదివించడమే ఎక్కువని ఇంట్లో అందరి లెక్క. నాన్న చెరకు రైతు, ఖరాఖండీ మనిషి. “సెలక్షనయితే పరీక్షకి ఎల్దువు గాని. అవకపోతే ఇంక బడి నేదు,” అని ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పే అలవాటు ఆయనకి లేదు. నాకు మిగతావి ఫరవాలేదు, తెలుగుతోనే పేచీ. పద్యాలు నోటికి రావు, వ్యాకరణం అంతకంటే రాదు. వ్యాసం ఒక్కటే దిక్కు.

పరీక్షలో “మీరు దగ్గరుండి చూసిన ఒక పని” గురించి రాయమన్నారు. నేను మా గానుగ గురించి మొదలుపెట్టాను. ఎద్దులు తిరగడం, రసం పట్టడం, పెద్ద పెనంలో పోసి కాయడం, కింద పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి తోయడం, పైకి తేలిన మడ్డి తీసెయ్యడం. అన్నీ చూసినవే కాబట్టి కలం ఆగలేదు. పాకం చూడ్డంలో నాన్న పెట్టింది పేరు. పక్క పొలాలవాళ్ళు కూడా పెనం దించే వేళకి నాన్నకి కబురంపేవారు. తెడ్డుతో కాస్త పాకం తీసి నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండచేసి చూసి, దించమని చెప్పేవాడు. ఇదంతా రాశాను. “ఆ రోజు నాన్న తెడ్డు పట్టుకుని పెనం పక్కన కూర్చున్నాడు,” అని రాశాక ఆగిపోయాను.

గంట కొట్టేశారని తర్వాత అందరికీ చెప్పాను. అది అబద్ధం, ఇంకా టైముంది. ఆ రోజు జరిగింది రాయడానికి నాకు చెయ్యాడలేదు. రెండు రోజులుగా నిద్రలేని నాన్నకి తెడ్డు పట్టుకునే కునుకు పట్టింది. నేను పొయ్యి దగ్గరున్నాను. లేపితే ఏమంటాడోనని భయపడి ఊరుకున్నాను. పాకం మాడి, పెనమంతా నల్లబడిపోయింది. వాసనకి అందరూ పరుగెత్తుకొచ్చేసరికి నాన్న లేచి నా వైపు చూపించి, ఈ గుంట పిప్పి ఎక్కువ తోసేసిందన్నాడు. నేను తలూపాను. చుట్టుపక్కల అందరికీ అదే తెలుసు. మా అమ్మకి కూడా.

ఇక మేష్టారింట్లో జరిగింది నాకు మరుసటేడు అమ్మగారు స్వయంగా చెప్పింది. నా పేపరు చదువుతూ, నేను ఆపిన చోటుకొచ్చి ఆమె ఆపలేదు. నాన్న పాకం చూసి దించమన్నాడనీ, బెల్లం పచ్చగా మేలిమిగా దిగిందనీ, అందరం తలో ముక్కా తిన్నామనీ, చదువుతున్న గొంతుతోనే చెప్పేసింది. సెలక్షన్ కాకపోతే నా చదువు ఆగిపోతుందని ఆమెకి తెలుసు. మేష్టారు గోడవైపు చూస్తూ పద్నాలుగు వేయమన్నారు. మొత్తం ముప్ఫయ్యారు వచ్చి, ముప్ఫయ్యయిదుకి పాసు కాబట్టి నేను గట్టెక్కాను.

శనివారం సిరా పెట్టడానికి పేపర్లు తిప్పుతుంటే ఆయనకి సగం ఖాళీగా ఉన్న పేజీ కనపడింది. ఆమెని పిలిచి అడిగారు.

“ఆ గుంట రాయబోయిందే నాను సదివేను,” అందామె.

“ఏం రాయబోయిందో నీకెలా తెలుసు?”

“బెల్లం వంట ఇంకెలాగవుద్దేటి.”

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదట. చివర లేని వ్యాసానికి ఎనిమిది కంటే వేయలేరు. ఎనిమిది వేస్తే మొత్తం ముప్ఫై, నా పని అయిపోయినట్టే. సరే, తగ్గించేద్దామనుకున్నారు. అప్పుడింకో భయం పట్టుకుంది. అలా సగంలో ఆగిన పేపర్లు మరో రెండున్నాయి. నాకు ఎవరో ఒకరు ముగింపు ఇచ్చారు, ఆ పిల్లలకి ఎవరూ ఇవ్వలేదు. అందరికీ పది నిమిషాలు ఇచ్చి చూస్తే తప్ప ఇది తేలదని హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తారు. హెడ్మాస్టరు మొదట నవ్వి, తర్వాత విసుక్కుని, సోమవారం పొద్దున్నకి లిస్టు తన బల్ల మీద ఉండాలనీ, ఈలోగా ఏం చేసుకుంటారో తనకి చెప్పొద్దనీ అన్నారట.

ఆయనకి చేతి గడియారం లేదు. ఇంట్లో టైంపీసుని చేతిసంచిలో పెట్టుకుని, ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని ఆదివారం తెల్లారి బయల్దేరారు. ముందు వడ్డాది, అక్కణ్ణించి చీడికాడ, ఆ ఇద్దరు కుర్రాళ్ళ ఊళ్ళు. వడ్డాదిలో కుర్రాణ్ణి చెరకు తోటలోంచి పిలిపించి, గట్టు మీద కూర్చోబెట్టి రాయించారు. చీడికాడలో రెండోవాడి ఇంట్లో పెళ్ళిచూపుల హడావిడి ఉంటే పశువుల శాలలో కూర్చోబెట్టారు. రెండు చోట్లా చదవడం వచ్చినవాళ్ళెవరో వెతికి పట్టుకుని, ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదివించుకుని, తను కళ్ళు మూసుకుని విన్నారు. దారిలో సంచిలో అలారం మోగి ఒక ఎద్దు బెదిరిందని కూడా చెప్పుకుంటారు.

మా ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నాన్న అరుగు మీద పలుపు పేనుతున్నాడు. మేష్టారు మొదలెట్టి, భార్య పేరు రాకుండా, తప్పంతా తనదే అన్నట్టు చెప్పబోయి, అంతా కలగాపులగం చేశారు. నాన్నకి అర్థమైంది ఒక్కటే.

“అయితే మా గుంట తప్పిందా మేష్టారూ?”

“తప్పలేదు. అవ్వనూ లేదు,” అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

నన్ను పిలిచారు. నా పేపరు నా ముందు పెట్టి, టైంపీసు అరుగు మీద పెట్టి, ఆపిన దగ్గర్నుంచి రాయమన్నారు. పది నిమిషాలు. గుమ్మంలో అమ్మ నిలబడింది. మూరెడు దూరంలో నాన్న చేతుల్లో నార బరబరమంటోంది. ఆ రోజు జరిగింది నా కళ్ళ ముందే ఉంది. రాయాలంటే ఆ ముక్క నాన్న పక్కన కూర్చుని రాయాలి. చివరికి ఊరందరికీ తెలిసిన ముక్కే రాశాను. పిప్పి నేనే ఎక్కువ తోశాననీ, మంట పెరిగి పాకం మాడిందనీ, నాన్న నన్ను ఒక్క మాటైనా అనలేదనీ. అలారం మోగింది.

మేష్టారు గోడవైపు తిరిగిపోయారు. రాసింది నేనని ఎదురుగా చూసి కూడా ఆ పద్ధతి మాత్రం వదల్లేదు. చదివేవాళ్ళు కావాలన్నారు. మా అమ్మకి చదువు రాదు. నాన్నకి కూడబలుక్కుని చదవడం వచ్చు. “మీరు చదవండి బాబూ, మొదట్నుంచీ,” అని పేపరు వెనక్కి చాపారు. నాన్న పలుపు పక్కనపెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని అందుకున్నాడు. నాకు ఆ పేపరు లాక్కుని పారిపోవాలనిపించింది.

నాన్న ఒక్కో మాటా పట్టుకుని చదివాడు. తన పాకం చెయ్యి గురించి నేను రాసింది వచ్చినప్పుడు గొంతు కాస్త తగ్గించాడు. తెడ్డు పట్టుకుని కూర్చున్నాడన్న దగ్గర తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ పేపర్లోకి వంగాడు. “పొయ్యిలో పిప్పి నేనే ఎక్కువ తోశాను,” అని చదివి ఆగాడు. గోడవైపునుంచి మేష్టారు, ఆగేరేం బాబూ, అయిపోయిందా అని అడిగారు.

“అవనేదు. ఇది తప్పు రాసింది మేష్టారూ. గుంట తొయ్యనేదు. నాకే కునుకు పట్టింది. ఇది తోసిందని అందరికీ సెప్పింది నానే.”

అమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న ఆమె వైపు చూడలేదు. మేష్టారు ఇటు తిరిగారు. చేతిలో పెన్సిలుంది. మొహం చూస్తే కునుకు పట్టింది ఆయనకేనేమో అన్నట్టుంది.

“మీరా మాట నాకు చెప్పకుండా ఉండవలసింది బాబూ,” అన్నారు.

“ఎలా సెప్పకండా ఉంటాను. సదివింది నాను గదా.”

మేష్టారు పేపరు అడిగి తీసుకుని, మడిచి, కోటు లోపల పెట్టుకున్నారు. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయారు. టైంపీసు మర్చిపోతే మర్నాడు అమ్మగారొచ్చి పట్టుకెళ్ళింది.

సోమవారం లిస్టు పెట్టారు. వడ్డాది కుర్రాడి పేరుంది, చీడికాడ కుర్రాడి పేరుంది. నాది లేదు. తెలుగులో ముప్ఫయ్నాలుగు. ఆయన ఆ వ్యాసానికి పదమూడు వెయ్యదలుచుకుని, ఆ ఒక్క వాక్యానికీ ఒకటి తీసేసి పన్నెండు వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క మార్కూ వేస్తే ఎవరి సొమ్ము పోయింది? నేనా అబద్ధం ఎందుకు రాశానో ఆయన కళ్ళారా చూశారు కదా. నాన్న ఒప్పుకున్న మాట నా పేపర్లో లేదు, నా పేపర్లో ఉన్నది నేను చూసింది కాదు, అంతే ఆయన లెక్క. ముప్ఫయ్యేళ్ళు పేపర్లు దిద్దాను, ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలీదు. కోపం మాత్రం ఇంకా కొంచెం ఉంది. ఆయన పోయినా ఉంది.

ఇంటికి వెళ్ళడానికి ధైర్యం చాలక నేరుగా పొలానికి వెళ్ళాను. నాన్న చెరకు గెడలు కట్టలు కడుతున్నాడు. నన్ను చూడగానే తెలిసిపోయింది. ఎన్నొచ్చాయని అడిగాడు. చెప్పాను. ఎన్ని రావాలని అడిగాడు. అదీ చెప్పాను. కట్ట బిగించి, ముడి వేశాడు.

“ఆ ఒక్కటీ నాను తీయించేసేను,” అన్నాడు. “బళ్ళు తెరిసేక మళ్ళీ ఎల్లు.”

మేష్టారికి ఈ సంగతి తెలీదు. తప్పినవాళ్ళం బళ్ళు తెరిచేదాకా ఆ నాలుగు నెలలూ బడికి వెళ్ళలేదు. ఆయన మా వీధిలోకి రావడం మానేశారు. బజారుకి చుట్టుతిరిగి వెళ్ళేవారు. ఒక్క మార్కుతో ఒక ఆడపిల్ల చదువు మాన్పించేశానని రోజూ అమ్మగారితో అనేవారట. పోనీ నేను వెళ్ళి కనుక్కుంటానని ఆమె అంటే వద్దని చెయ్యి పట్టుకునేవారట. మానేసిందని తెలిస్తే తట్టుకోలేనని ఆయన భయం. వేసవంతా కోటపాడులో మామగారింట్లో ఉండిపోయారు.

బళ్ళు తెరిచిన రోజున ఆరో ఫారంలో మొదటి పీరియడు ఆయనదే. మేం బెంచీల్లో సర్దుకుంటుండగా తల వంచుకుని వచ్చి, ఎవరి వైపూ చూడకుండా కుర్చీలో కూర్చుని కొత్త హాజరు పట్టీ తెరిచారు. పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ ప్రెజెంట్ సార్ అంటున్నారు. నా పేరు ముందు కాస్త ఆగారు. కలం సిరాబుడ్డిలో ముంచారు. పట్టీలోంచి కళ్ళు ఎత్తకుండానే పిలిచారు.

“ప్రెజెంట్ సార్,” అన్నాను.

కలం కదల్లేదు. పట్టీ మీద చిన్న సిరాచుక్క పడింది. మగపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన అలాగే తల వంచుకుని, ఇంతకుముందు కంటే మెల్లగా, నా పేరు మళ్ళీ పిలిచారు. నేను లేచి నిలబడి, మళ్ళీ పలికాను.